ఇంజన్ ఆయిల్ తాగుతోందా?

పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి పొగ వస్తే కంగారు పడాలా, ఊరుకోవాలా? తేల్చేది పొగ రంగు, అది ఉండే సమయం, గేజిలో ఆయిల్ మట్టం.

తాళం తిప్పగానే వెనక నుంచి గుప్పున పొగ. నిమిషంలో మాయం. మర్నాడూ అదే తంతు. 'ఆయిల్ తాగేస్తోంది సార్, ఇంజన్ దించాల్సిందే' అంటాడు ఒక మెకానిక్. 'అబ్బే, మామూలే' అంటాడు ఇంకొకాయన. ఒకరి మాట వింటే జేబుకు చిల్లు, రెండో వారి మాట వింటే ఇంజనుకే ముప్పు కావచ్చు. అందుకే ముందు పొగ సంగతి మనమే తెలుసుకుంటే మంచిది.

రంగును బట్టి రోగం

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుందంటే నమ్ముతారా? ఆ ఆవిరి చల్లటి గొట్టంలో పేరుకుని తెల్లగా బయటికొస్తుంది. చలికాలంలో అరకులో రాత్రి బసచేసి తెల్లారి కారు తీసేవారికి ఇది బాగా కనిపిస్తుంది. ఇంజన్ వేడెక్కాక ఆగిపోతే చింతే లేదు. వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, రేడియేటర్లో కూలెంట్ తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూపించాలి.

నల్ల పొగ అంటే ఇంధనం సరిగా మండటం లేదని. పోర్టు రోడ్డులో బరువుతో వెళ్లే పాత లారీల వెనక మనం చూసేది అదే. ఇక నీలి పొగ, మాడిన నూనె వాసన... ఇదే ఇంజన్ ఆయిల్ మండుతోందనడానికి గుర్తు.

నిన్నటి తరం టూ-స్ట్రోక్ స్కూటర్లు, ఆటోలకు నీలి పొగ సహజం. వాటిలో పెట్రోలుతోపాటే ఆయిలూ కలిపి పోసేవాళ్లం. ఇప్పటి కార్లు ఫోర్-స్ట్రోక్. వీటిలో ఆయిల్ ఇంజన్ భాగాలను తడపాలి తప్ప పెట్రోలుతో కలిసి మండకూడదు.

రెండు దారులు

మరి మండేచోటికి ఆయిల్ ఎలా చేరుతుంది? ముఖ్యంగా రెండు దారులు. ఒకటి పైనుంచి. వాల్వుల దగ్గరుండే రబ్బరు సీళ్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడతాయి. బండి రాత్రంతా ఆగి ఉంటే చుక్కచుక్కగా నూనె లోపలికి దిగుతుంది. పొద్దున్న స్టార్ట్ చేయగానే అది మండి గుప్పుమంటుంది, ఆగిపోతుంది.

రెండోది కిందనుంచి. పిస్టన్ రింగులు అరిగితే ఆయిల్ పైకి పాకుతుంది. అప్పుడు స్టార్ట్ చేసినప్పుడే కాదు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పొగ వస్తూనే ఉంటుంది.

మన ఘాట్ రోడ్లు మంచి పరీక్షా కేంద్రాలు. అనంతగిరి ఘాట్‌లోనో, సింహాచలం కొండ మీదనుంచో తక్కువ గేరులో, యాక్సిలరేటర్ తొక్కకుండా దిగుతుంటే సిలిండర్లలో పీల్చే బలం పెరుగుతుంది. సీళ్లు వదులైతే ఆయిల్ లోపలికి వస్తుంది. కిందికి దిగి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలి మేఘం లేస్తుంది. వెనక వచ్చే బండిలోని మనిషిని గమనించమంటే చాలు.

స్పోర్ట్స్ కార్లకు దాహమెక్కువ

బీచ్ రోడ్డులో రయ్యిన దూసుకెళ్లే కారు చూసి 'అంత ఖరీదైన ఇంజనుకు ఇలాంటి జబ్బులుండవులే' అనుకుంటాం. నిజానికి వాటికే ఆయిల్ దాహమెక్కువ. పోర్షే 911లో సిలిండర్లు నిలువుగా కాక ఇటు మూడు, అటు మూడు అడ్డంగా పడుకుని ఉంటాయి. బండి ఆగి ఉన్నప్పుడు కాస్త ఆయిల్ వాటిలోకి జారుతుంది. ఓ పక్కకి వాలుగా నిలిపితే మరీనూ. అందుకే స్టార్ట్ చేయగానే కాసేపు పొగ రావడం వాటికి కొత్త కాదు. వెయ్యి కిలోమీటర్లకు లీటరున్నర దాకా ఆయిల్ తాగడం మామూలేనని ఆ కంపెనీ కొన్ని మోడళ్ల పుస్తకాల్లోనే రాసింది! మాజ్డా ఆర్‌ఎక్స్-8లోని రోటరీ ఇంజన్ అయితే లోపలి సీళ్లను తడపడానికి తనే కొంచెం ఆయిల్ చల్లుకుని మండించుకుంటుంది.

మన ఇంటి కారుకు ఈ లెక్క వర్తించదు. రెండు సర్వీసుల మధ్య మట్టం కొద్దిగా తగ్గితే సరే. నెలనెలా పోయాల్సి వస్తే అనుమానించాల్సిందే.

కొలిచాకే కోత

ఇంజన్ విప్పించే ముందు ఓ చిన్న పని చేయండి. చదునైన చోట బండి ఆపి, పది నిమిషాలాగి గేజి తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. మట్టం, కిలోమీటర్ల రీడింగ్ రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లయ్యాక మళ్లీ చూడండి. చాలా కార్లలో గేజి మీది రెండు గీతల మధ్య తేడా సుమారు లీటరు. పై గీత దాటించి పోసినా పొగే!

స్టార్టింగ్‌లో మాత్రమే పొగ వచ్చి, మట్టం పెద్దగా తగ్గకపోతే వాల్వ్ సీళ్లు మారిస్తే సరిపోవచ్చు. రింగుల పనికంటే అది ఎంతో చవక. మట్టం గబగబా తగ్గుతుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించాకే రింగుల సంగతి తేల్చుకోండి. పొగ లేకుండా తగ్గుతుంటే బండి కింద నేల మీద మరకలున్నాయేమో చూడండి.

విశాఖవాసులకు ఇంకో జాగ్రత్త. పోర్టులో దించే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఇళ్ల మీద పడుతోందన్నది పాతపట్నం వాసుల ఏళ్లనాటి గోడు. దుమ్మున్నచోట తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ తరచూ మార్చాలి. చిరిగిన ఫిల్టర్‌లోంచి వెళ్లే దుమ్ము సిలిండర్లను, రింగులను అరగదీస్తుంది.

పాత కారు కొంటున్నారా?

'నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు' అని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే అసలు పరీక్ష అయిపోయినట్టే. మరో రోజు వెళ్లండి. స్టార్ట్ చేసేటప్పుడు మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. ఐదు నిమిషాలు ఆడనిచ్చి, ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కించండి.

'కాలుష్య పరీక్ష సర్టిఫికెట్ ఉందిగా' అంటారేమో! పెట్రోలు కార్లకు అందులో ప్రధానంగా కొలిచేవి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. అదీ ఇంజన్ వేడెక్కాక. పొద్దుటి పొగ సంగతి ఆ కాగితానికి తెలియదు.

నీలి పొగను ఏళ్లతరబడి వదిలేస్తే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. మట్టం మరీ పడిపోతే ఘాట్ రోడ్డు మధ్యలోనే ఇంజన్ పట్టేయొచ్చు. నెలకు రెండుసార్లు గేజి తీసి చూడటానికి పట్టేది ఐదు నిమిషాలు, కావాల్సింది ఓ పాత గుడ్డముక్క. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.