కోడిగుడ్డును సరిగా ఉడకబెట్టడం

గుడ్డు ఉడకబెట్టడం కూడా ఒకరు చెప్పాలా అని మీరు నవ్వవచ్చు. కాని ఒక్కొక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులున్నాయి. అందుకనే దానిని పసిబిడ్డలకు, గర్భిణీలకు పెడుతున్నాం. సరిగా ఉడకని గుడ్డు తిని వారికి విరేచనాలు పట్టుకుంటే, మేలు కాస్తా కీడవుతుంది.

ముందుగా గుడ్డును చన్నీళ్ళలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజాది. నిలబడితే కొంచెం పాతది, వెంటనే వాడుకోవాలి. తేలితే పారవేయండి. గుడ్డు పాతబడేకొద్దీ లోపలి తేమ పెంకు రంధ్రాల గుండా పోయి, గాలి చేరుతుంది, అందుకే తేలుతుంది. పగిలిన గుడ్లు వాడరాదు. రెట్ట అంటిన గుడ్లను ఉడకబెట్టే ముందు కడగండి. కడిగి నిలవ చేయకండి. పెంకుమీది సహజమైన పొర పోయి, క్రిములు లోపలికి దిగుతాయి.

గుడ్లను గిన్నెలో ఒకే వరుసగా పేర్చి, అవి మునిగి పైన అంగుళం నిలిచేటట్లు చన్నీళ్ళు పోయండి. నీళ్ళు మరగసాగిన తరువాత సెగ తగ్గించి, 10 నుండి 12 నిమిషాలు ఉంచండి. పచ్చసొన గట్టిపడాలి. అన్నం కుండలో గుడ్డు పడవేసే అలవాటు మానండి. పెంకు మీది మురికి అన్నంలో కలుస్తుంది.

దించిన వెంటనే చన్నీళ్ళలో వేయండి. లేకుంటే లోపలి వేడికి గుడ్డు ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. అప్పుడు తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని చార కడుతుంది. దానివల్ల హాని లేదు గాని, రుచి తగ్గుతుంది.

అప్పుడే పెట్టిన గుడ్డుకు పెంకు సరిగా ఊడదు. వారం నాటిదైతే సులువుగా వస్తుంది. ఉడికిన గుడ్డు పచ్చి గుడ్డుకంటె త్వరగా చెడుతుంది. ఎండాకాలంలో గంట దాటనీయక, బిడ్డ చేతికి అందించండి.