నూనెను నీళ్ళకు అప్పగించిన గింజ

పత్తి చేను గట్టున నీళ్ళ డ్రమ్ము ఉంటుంది. రైతు సీసా మూత తిప్పి, ఆ మూతతోనే కొలిచి, పురుగుమందు అందులో పోస్తాడు. సీసాలో ఉన్నంతసేపూ అది తేనెరంగు నూనె. నీళ్ళలో పడీ పడగానే పాలలా విచ్చుకుంటుంది. కట్టెతో నాలుగు తిప్పులు తిప్పితే డ్రమ్మంతా తెల్లబడుతుంది. అరగంట ఆగి చూసినా నూనె పైకి తేలదు. మునుగోడు నుంచి నారాయణపేట దాకా ఏ వానాకాలమైనా కనబడే దృశ్యమే ఇది.

నూనె, నీళ్ళు కలవవని పిల్లలకు కూడా తెలుసు. మరి ఇక్కడ ఎట్లా కలిశాయి? సీసా మీద మందు పేరు పక్కన ‘ఈసీ’ అని రాసి ఉంటే అందులో మూడు సరుకులు ఉన్నట్టు లెక్క. పురుగును చంపే మందు ఒకటి. దాన్ని కరిగించుకున్న ద్రావకం ఒకటి. ఆ రెంటినీ నీళ్ళలో సన్నని బొట్లుగా విడగొట్టి, మళ్ళీ కలిసిపోకుండా కాపలా కాసే ఎమల్సిఫైయర్ మూడోది. చాలా మందుల్లో ఆ మూడో సరుకు ఆముదంతో తయారైనదే. ఇప్పుడు పత్తి నిలబడ్డ చెల్కల్లో ఒకప్పుడు ఆముదపు గెలలు ఎండేవి. పంట చేను వదిలిపోయింది. దాని నూనె మాత్రం రూపం మార్చుకుని, సీసాలోకి ఎక్కి, అదే చేనుకు తిరిగొచ్చింది.

‘ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం’ అన్న సామెతను మనం చిన్నచూపుగా వాడతాం. నాకు ఆ వాడుక ఎన్నడూ నచ్చలేదు. ఏ చెట్టూ నిలవని చోట నిలబడటం తక్కువ పనా? నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎర్రచెల్కల్లో మట్టి లోతు తక్కువ, వానకు నమ్మకం తక్కువ. ఒక్క వాన పడి, ఆ తర్వాత నెల రోజులు మొగులు మొహం చాటేసినా వేరు లోతుకు దించి బతికేది ఆముదం. చెరువు కింద వరి, చెల్కల్లో జొన్న, కంది, ఆముదం. ఇదీ ఇక్కడి పాత లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆముదం పంట మాటెత్తితే ముందు ఈ రెండు జిల్లాల పేర్లే వచ్చేవి.

ఈ గింజలో ఏముందో చెప్పే ముందు నీళ్ళ సంగతి చూడాలి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. లోపలి అణువుకు అన్ని వైపులా చుట్టాలే. పైపొర మీది అణువుకు పైన ఎవరూ లేరు, అందుకని పక్కవాళ్ళనూ కిందివాళ్ళనూ ఇంకా బిగించి పట్టుకుంటుంది. నీటి పైపొర సాగదీసిన తోలులా ఉండటానికి కారణం ఈ బిగువే. దీన్నే బడి పుస్తకాల్లో తలతన్యత అన్నారు. శుద్ధమైన నీటికి 25 డిగ్రీల వేడిమి దగ్గర అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు కలిస్తే 30 దాపుల్లోకి పడిపోతుంది. ఆ బిగువును సడలించే పదార్థాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. దాని అణువుకు ఒక కొస నీళ్ళను కోరుకుంటుంది, రెండో కొస నూనెను కోరుకుంటుంది. నూనె బొట్టు చుట్టూ ఈ అణువులు చేరి, తోకలు బొట్టులోకి గుచ్చి, తలలు నీళ్ళలో పెట్టి నిలబడతాయి. బొట్టుకు బొట్టు అతుక్కోకుండా ఆపేది ఆ తలల వరసే. కుంకుడుకాయ నురగలో ఉన్నదీ ఇదే ఏర్పాటు. కుంకుడులోని సపోనిన్ అణువుకు చక్కెర తల. ఆదివారం నాడు నెత్తికి ఆముదం పెట్టి, కుంకుడు రసంతో రుద్ది పోసిన తల్లులందరూ నూనెను నీళ్ళకు అప్పగించినవాళ్ళే.

ఆముదం తీరు వేరే నూనెలకు లేదు. పల్లినూనె, నువ్వులనూనెల్లోని కొవ్వు ఆమ్లాలకు తోక నున్నగా ఉంటుంది, ఎక్కడా పట్టు దొరకదు. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో నూటికి 85 నుంచి 90 వంతులు రిసినోలిక్ ఆమ్లం. 18 కార్బన్ల ఆ గొలుసులో సరిగ్గా 12వ కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ సమూహం అంటుకుని ఉంటుంది. దాన్ని కొక్కెం అనుకోండి. ఆ కొక్కేలు ఒకదాన్నొకటి లాగి పట్టుకోబట్టే ఆముదం అంత చిక్కన. వేలితో ముట్టుకుంటే తీగలా సాగుతుంది, వేరే నూనెలు కరగని సారాయి సత్తులో కరుగుతుంది. రసాయనశాస్త్రం రెండు వందల ఏళ్ళుగా ఈ గింజ చుట్టూ తిరగటానికి ఆ ఒక్క కొక్కెమే కారణం. నీళ్ళను ఇష్టపడే దేన్నైనా దానికి తగిలించవచ్చు.

కొక్కెం సంగతి ఎవరికీ తెలియక ముందే మన నేతగాళ్ళు నూనెను నీళ్ళలో కలిపి నూలుకు పట్టించారు. సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక ఊరు నిన్నమొన్నటి దాకా నల్లగొండ జిల్లా. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతగాళ్ళు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. చీరాలలో పుట్టి పేరుపడ్డ ఈ పనితనం పుట్టపాక మగ్గాల మీద నిలబడింది. ఎరుపు, నలుపు, తెలుపు, ఇవే రంగులు. ఒకప్పుడు ఈ రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. నెత్తికి చుట్టుకుంటే చలువ చేస్తుందని అక్కడివాళ్ళు కొనేవారు. ఇక్కడ పశువులు కాసేవాళ్ళు, జాలర్లు తలపాగాగా, లుంగీగా కట్టారు.

తేలియా అన్న పేరు నూనె నుంచే వచ్చింది. నూలును రంగులో ముంచే ముందు నూనె పట్టించాలి. కానీ పొడి నూలు మీద నూనె పోస్తే ఒకచోట ముద్దగా, ఇంకొకచోట మరకగా మిగులుతుంది. నూలు పోగు లోలోపలికి సమంగా దిగాలంటే నీళ్ళే మోసుకుపోవాలి. అందుకు వాళ్ళు ఆముదపు కాయల తొక్కల్ని కాల్చి, బూడిదను నీళ్ళలో నానబెట్టి వడగట్టి తేట తీస్తారు. ఆ తేటలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది నూనెలోని ఆమ్లాలను తాకి అక్కడికక్కడే కాస్త సబ్బును పుట్టిస్తుంది. ఆ సబ్బు మిగిలిన నూనెను పాలలా చిలుకుతుంది. గొర్రె పెంటికలు కూడా వాడే పద్ధతి ఉంది. నూలును ఆ పాలలో పిసకటం, ఎండబెట్టటం, మళ్ళీ పిసకటం. ఇట్లా సుమారు మూడు వారాలు. ఎండ తగిలిన కొద్దీ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని పోగును పట్టేసుకుంటుంది. ఆ తర్వాతే నూలుకు ముడులు వేసి చిటికి కట్టడం, అలిజరిన్ అనే రంగు అద్దడం. పటికతో కలిసిన చోట అలిజరిన్ ఎరుపు, ఇనుముతో కలిసిన చోట నలుపు. పోగులోని కొవ్వు ఆమ్లం ఆ రంగును వదలకుండా పట్టి ఉంచుతుంది. రుమాలు పాతబడినా ఎరుపు తగ్గదంటే కారణం బూడిదనీళ్ళతో చేసిన ఎమల్షన్.

దీన్ని ఇంటి చిట్కా అంటే నేను ఒప్పుకోను. నూనె, క్షారం, ఎండ, లోహం, రంగు, ఈ ఐదింటినీ సరైన వరసలో నిలిపిన పని అది. ప్రయోగశాల అనటానికి ఇంతకంటే ఏం కావాలి?

యూరప్ వాళ్ళు ఇదే పనికోసం చాలాకాలం తపించారు. తూర్పు దేశాల నుంచి వచ్చే ఎర్రబట్టకు వాళ్ళు పెట్టిన పేరు టర్కీ రెడ్. 1747 ప్రాంతంలో గ్రీకు రంగరులు ఫ్రాన్స్‌లోని రువాన్ పట్టణానికి వచ్చి ఆ రహస్యం చెప్పారు. 1785 నాటికి అది స్కాట్లండ్‌లోని గ్లాస్గో చేరింది. కంపు పట్టిన ఆలివ్ నూనె, గొర్రె పేడ, క్షారపు తేట. పుట్టపాక తొట్టికి ఇది తోబుట్టువు కాదని ఎవరనగలరు? నెలలు పట్టే పని అది. ఫ్యాక్టరీకి అంత ఓపిక ఎక్కడిది? 1834లో జర్మన్ రసాయనవేత్త రుంగె ఆలివ్ నూనెకు గంధకామ్లం కలిపి, దాన్ని నూలుకు పట్టించవచ్చని చెప్పాడు. 1870లలో ఆలివ్ స్థానంలో ఆముదం వచ్చింది, కథ మలుపు తిరిగింది. గంధకామ్లం నేరుగా పోయి 12వ కార్బన్ కొక్కేనికి తగిలింది. నీళ్ళంటే పడని తోక నడుమ నీళ్ళు కోరే సల్ఫేట్ సమూహం వచ్చి కూర్చుంది. ఆ నూనె నీళ్ళలో పోస్తే చాలు, తనంతట తనే కలిసిపోయింది. దాని పేరు టర్కీ రెడ్ ఆయిల్. సబ్బు తర్వాత మనిషి తయారుచేసిన తొలి కృత్రిమ సర్ఫాక్టెంట్ ఇదే. సున్నం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు విరిగి పెచ్చులు కడుతుంది, ఇది అంత తొందరగా విరగదు. ఇప్పటికీ తోళ్ళ పరిశ్రమలో, బట్టల అద్దకంలో దీన్ని వాడుతున్నారు. అదే కాలంలో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు మొక్క వేరు నుంచి తీసే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. రంగూ నూనే రెండూ ఫ్యాక్టరీ సరుకయ్యాయి. గ్లాస్గో పక్కనున్న లెవెన్ లోయ మిల్లులు ఎర్రబట్టను ఓడల్లో మన దేశానికే పంపి అమ్ముకున్నాయి.

కొక్కేనికి రెండో తగిలింపు 20వ శతాబ్దంలో జరిగింది. 1930లో జర్మనీలోని ఐజీ ఫార్బెన్ కంపెనీలో షోలర్, విట్వర్ అనే ఇద్దరు ఇథిలీన్ ఆక్సైడ్ వాయువును కొవ్వు పదార్థాలకు గొలుసులా అతికించే దారి చూపారు. ఆముదానికి ఆ వాయువు అణువులు ఎన్ని అతికిస్తే అది అంతగా నీళ్ళవైపు ఒరుగుతుంది. కొన్ని అతికిస్తే మబ్బుగా కలుస్తుంది, 35 అతికిస్తే తేటగా కరుగుతుంది. ఏది నూనె పక్షమో ఏది నీటి పక్షమో తూచేందుకు 1949లో అమెరికాలో గ్రిఫిన్ అనే రసాయనవేత్త 0 నుంచి 20 దాకా ఒక కొలబద్ద చేశాడు. తక్కువ అంకె ఉన్నది నీటి బొట్లను నూనెలో నిలుపుతుంది, ఎక్కువ అంకె ఉన్నది నూనె బొట్లను నీళ్ళలో నిలుపుతుంది. 35 అతికించిన ఆముదం 12, 14 మధ్య నిలుస్తుంది. పత్తి చేను డ్రమ్ములో పాలు విరగకుండా కాచేది ఈ వంశంలోనిదే.

ఈ వంశం ఆసుపత్రి దాకా పోయింది. రొమ్ము క్యాన్సర్‌కు, అండాశయ క్యాన్సర్‌కు ఇచ్చే పాక్లిటాక్సెల్ నీళ్ళలో దాదాపు కరగదు. కరగని మందు రక్తంలోకి ఎట్లా పోవాలి? 1992 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన టాక్సాల్ ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు మందు 6 మిల్లీగ్రాములైతే, దాన్ని మోసే ఆముదపు సర్ఫాక్టెంట్ 527 మిల్లీగ్రాములు. మిగిలింది ఆల్కహాలు. ఆ సర్ఫాక్టెంట్ పేరు క్రెమోఫోర్ ఈఎల్. మోసే బండి బరువు సరుకు బరువుకు 80 రెట్ల పైన! ఈ బండికి దోషమూ ఉంది. కొందరికి ఒంటి మీద దద్దుర్లు, ఊపిరాడకపోవటం వంటి తీవ్రమైన అలర్జీ వస్తుంది. అందుకే మందు ఎక్కించే ముందు స్టెరాయిడ్, యాంటిహిస్టమిన్ ఇస్తారు. ప్లాస్టిక్ గొట్టాల్లోని పీవీసీ మెత్తదనం కోసం కలిపే పదార్థాన్ని కూడా ఇది లాగేస్తుంది కనుక వేరే రకం గొట్టాలు వాడతారు. నూనెను కరిగించే గుణం మంచీ చెడూ చూడదు. 2005లో ఈ బండి అవసరం లేకుండా ఆల్బుమిన్ ప్రోటీన్‌తో మోయించే మందు వచ్చింది. అయినా పాత పద్ధతి మందూ ఇంకా వాడుకలో ఉంది. ఆముదపు గింజలోని రిసిన్ విషం గురించి భయపడేవారికి ఒక మాట: ఆ విషం ప్రోటీన్, అది పిండిలో మిగిలిపోతుంది, నూనెలోకి దిగదు.

గ్రిఫిన్ కొలబద్దకు రెండో చివర ఆముదానికి ఇంకో బిడ్డ ఉంది. ఆముదపు కొవ్వు ఆమ్లాలను గ్లిజరిన్ గొలుసులకు అతికిస్తే వచ్చే ఎమల్సిఫైయర్ అంకె 2 దాపుల్లో ఉంటుంది, అంటే పూర్తిగా నూనె పక్షం. చాక్లెట్ నిజానికి కోకో వెన్నలో తేలే చక్కెర, కోకో, పాలపొడి రేణువుల గుంపు. ఆ రేణువులు ఒరుసుకుంటే చాక్లెట్ కదలదు. అచ్చులోకి పారాలంటే ఖరీదైన కోకో వెన్న ఇంకా పోయాలి. ఈ ఆముదపు పదార్థం నూటికి అర వంతు లోపు వేసినా చాలు, సలసలా పారుతుంది. చాక్లెట్ కాగితం మీద ‘ఎమల్సిఫైయర్ 476’ అని ఉండేది ఇదే.

ఇంత పనికొచ్చే గింజ మన చెల్కల్లోంచి ఎందుకు తగ్గింది? కష్టాలు ఉన్న మాట నిజం. మొక్క ఎదిగే వేళ దాసరి పురుగు ఆకంతా తినేస్తుంది. గెల వేసే వేళ ముసురు పడితే కాయకు బూజు పట్టి కుళ్ళుతుంది. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం క్రాంతి, హరిత వంటి రకాలను, పీసీహెచ్-111 వంటి సంకరాన్ని ఇచ్చింది. ఈ నేలకు ఈ నేల మీదే తయారైన విత్తనాలవి. కానీ 1968లో జీసీహెచ్-3 అనే సంకరాన్ని విడుదల చేసిన గుజరాత్ నీటి వసతి కింద సాగుచేసి ముందుకు పోయింది. ప్రపంచపు ఆముదంలో నూటికి 80 వంతుల పైన మన దేశానిదే, అందులో సింహభాగం గుజరాత్‌ది. ఇక్కడ 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక చెల్కలు పత్తి వైపు తిరిగాయి. పత్తికి కనీస మద్దతు ధర ఉంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల పట్టికలో ఆముదం లేనే లేదు. వానదేవుడి మీద ఆధారపడ్డ రైతును ధర విషయంలో కూడా దేవుడికే వదిలేశాం. ఇది అన్యాయం.

తేలియా రుమాలుకు బూడిద కావాలి, బూడిదకు ఆముదపు కాయల తొక్కలు కావాలి. పుట్టపాక చుట్టూ ఉన్న రైతులకు, చేనేత సంఘాలకు, వ్యవసాయ అధికారులకు నా విన్నపం ఒక్కటే: పత్తి గట్ల మీదైనా సరే, ఏటా కొన్ని ఎకరాల ఆముదం వేయించండి. గింజ గానుగకు పంపి, తొక్కలు నేతగాళ్ళ ఇంటికి చేర్చండి.