పేరడిగినట్లే పిలుపును నడుగవలెను

మన యింటికి క్రొత్తవారు వచ్చినప్పుడు కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చుండబెట్టి, పిమ్మట పేరడుగుదుము. పేరు తెలిసినంతమాత్రమున పని తీరదు. "నీవు" అనవలెనా, "మీరు" అనవలెనా, వదిన యనవలెనా, పిన్ని యనవలెనా యని క్షణకాలము తటపటాయింతుము. మర్యాదయంతయు ఆ తటపటాయింపులోనే యున్నది. నేడు ఫోనులందును కంప్యూటర్లందును మనలను పలుకరించు యంత్రములకు అది లేదు. ఆ లోపమువలన నొక బిడ్డ పడిన బాధను కన్నులార జూచితిమి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది విజయనగరము. మా వారు ఉపాధ్యాయులు. గడచిన వేసవిలో, వారియొద్ద పూర్వము చదువుకొన్న విద్యార్థిని యొకతె మా యింటికి వచ్చినది. బడిలో చేర్చినప్పుడు మగపిల్లవాడని వ్రాయించిరి. ఇప్పుడామె స్త్రీగా జీవించుచున్నది. పేరు మార్చుకొన్నది, కాగితములు మార్పించుకొన్నది. పైచదువునకై యొకచోట అంతర్జాలమున దరఖాస్తు పెట్టగా, క్రొత్తపేరు సరిగానే నమోదయ్యెనట. కాని యా పేరు ప్రక్కనే "అతను తన వివరాలు సమర్పించాడు" అని తెరమీద కనబడెనట. తోడివారందరును దానిని జూచిరట. "పేరు నాదే అమ్మగారూ, వాక్యమే నాది కాదు" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది.

దీనికి కారణము సగము యంత్రమునందును, సగము వ్యాకరణమునందును గలదు. ఇంగ్లీషున "హి" యన్నను "షి" యన్నను క్రియ మారదు. కావున ఆ భాషలో ఆలోచించి యంత్రమును గట్టువారు వాక్యమున నొక్క ఖాళీ విడిచి, అందు సర్వనామము నుంచి ఊరకుందురు. మనకట్లు చెల్లదు. వచ్చినాడు, వచ్చినది, వచ్చినారు అని క్రియయు మారును. చిన్నయసూరిగారు 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము చదివినవారికి ఇది తెలిసినదే. ఏకవచనమున ఆవు వచ్చినది, అక్కయు వచ్చినది. బహువచనమున మాత్రము అక్కలు అన్నలతో జేరి "వచ్చినారు" అనిపించుకొందురు. గౌరవింపదలచినప్పుడు ఒక్కరినే యైనను "వారు వచ్చినారు" అందుము. ఇందు ఆడ మగ భేదము లేదు. ఇంగ్లీషువారు ఒక్కరి నుద్దేశించి "దే" యనుట పదునాల్గవ శతాబ్దమునుండి యున్నను, నేటికిని దానిపై వాదులాడుచున్నారు. మనకు "వారు" పుట్టింటి సొమ్ము.

ఇది చేయరాని పని గాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను చూడుడు. అందు వ్రాయువారికి "వాడుకరి" యని పేరు. "డు" లేకుండుట గమనింపదగినది. అచ్చటి అభిరుచుల పుటలో, తన్ను గూర్చి స్త్రీవాచకముగా చెప్పవలెనా, పురుషవాచకముగా చెప్పవలెనా, రెండును గాకుండ చెప్పవలెనా యని కోరుకొనవచ్చును. ఏమియు కోరనివారి విషయమున వీలైనంతవరకు ఏ పక్షమునకు చెందని మాటయే వాడుదురు. కోరినది ఇతరులకును తెలియునని ముందుగనే చెప్పుదురు.

ఇట్టి యంత్రములను గట్టు బిడ్డలు మన యిండ్లలోనే పుట్టి విశాఖపట్టణమునను హైదరాబాదునను పనిచేయుచున్నారు. వారికి మేము చెప్పదలచినది యిది. పేరు వేరు, పిలుపు వేరు, సర్కారు కాగితములోని లింగము వేరు. మూడింటిని మూడు గదులలో నుంచవలెను. పేరు చూచి పిలుపు నూహింపరాదు, అడుగవలెను. అడిగినను బలవంతపెట్టరాదు. చెప్పుటకు వెరచువారు ఖాళీగా విడుచుటకు వీలుండవలెను. అట్టివారికి "మీరు", "వారు" చాలును. కోరినప్పుడు మార్చుకొననిచ్చి, పాతమాట యే మూలను మిగులకుండ చూడవలెను. ఖాళీలతో సరిపెట్టక, ప్రతి వాక్యమును మూడు విధముల పూర్తిగా వ్రాయవలెను. "దరఖాస్తుదారుడు", "ఖాతాదారుడు" అనువానిలోని "డు" తీసివేసినచో మనబోటి స్త్రీలకును మేలే.

"ఇంత చిన్నమాటకు ఇంత రభసయా?" యని కొందరనవచ్చును. కోడలిని నలుగురిలో "అది వచ్చింది" యనుటకును, "ఆవిడ వచ్చారు" అనుటకును గల భేద మెరుగని యాడుది యెవరు? ఆ యొక్కమాటకే పుట్టింటికి పోయినవారిని మనమెరుగుదుము.

శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్వగోరి, సవరలనే గురువులుగా జేసికొనిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఎవరి మాట వారినడిగియే తెలిసికొనవలెనని యంతటి పండితులే యెంచిరి. తాను స్త్రీయో, పురుషుడో, తృతీయలింగమో నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదే యని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

మా అత్తగారికి ఎనుబదియేండ్లు. ఆ బిడ్డను జూడగానే పాత యలవాటున "బాబూ" యనబోయి, సగములో ఆగి, "నిన్నేమని పిలవమంటావు?" అని యడిగిరి. "అమ్మీ అనండి, మామ్మగారూ" అన్నది. భోజనమువేళ అత్తగారు రెండుమారులు పొరబడి, రెండుమారులును తామే దిద్దుకొని, "ఇంకొంచెం పప్పు వేసుకో అమ్మీ" యనిరి. ఆ మాట వినుటకే వచ్చినదో యన్నట్లు ఆ బిడ్డ తల యెత్తక, పెట్టినదంతయు తినినది.

ఆ తెరమీది వాక్యమును దిద్దుడని మా వారు అచ్చటివారికి జాబు వ్రాసిరి. ఇంతవరకు బదులు రాలేదు. మీ యింట ఈ పని నేర్చిన కొడుకులు, కూతుళ్లు ఉన్నచో, సెలవులకు వచ్చినప్పుడు వారికి ఈ పుట చూపుడు.