కాశీలో తొమ్మిది నిద్రలు

సత్రం కౌంటర్ దగ్గర ఆధార్ కార్డు చూపించాక వినిపించే మొదటి ప్రశ్న, ‘ఎన్ని నిద్రలు చేస్తారు?’

తొమ్మిది నెలలు తల్లి కడుపులో ఉన్నందుకు తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలన్నది మన పెద్దల లెక్క. అన్ని రోజులు సెలవు దొరకనివాళ్లు మూడింటితోనో అయిదింటితోనో సరిపెట్టుకుంటారు. ఎన్ని నిద్రలన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకుంటారు గానీ, ఏ రుతువులో అన్నది మాత్రం రైలు టికెట్టుకే వదిలేస్తారు. అసలు ఆలోచించాల్సింది అదే. డిసెంబరులో మీరు కూర్చుని ఎండ కాచుకున్న మెట్టు ఆగస్టులో గంగ అడుగున ఉంటుంది.

కేదార్ ఘాట్ నుంచి పాండే ఘాట్ దాకా ఒడ్డునున్న ఆ కాస్త మేరా మన పేట. మానససరోవర్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం, పాండే హవేలీ సందుల్లో తెలుగు బోర్డులు, పురోహితుల ఇళ్లు, పొద్దున్నే ఇడ్లీ పొగలు. కేదార్ ఘాట్ చేరువలో విజయనగరం సంస్థానం పేరు మీదే ఒక ఘాట్ ఉంది. ‘పడవ కావాలా అమ్మా’ అని పడవవాళ్లు తెలుగులోనే పిలుస్తారు, బేరం కూడా తెలుగులోనే ఆడతారు, తగ్గరు.

1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య, కాశీ చూసుకుని ఇంటికి చేరేసరికి 1831 సెప్టెంబరు 3. బోయీలు, పల్లకీ, పదిహేను నెలల దారి. ఇప్పుడు సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు మర్నాటికి మొగల్‌సరాయ్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటారు. 2018లో ఆ స్టేషన్ పేరు మారింది, మనవాళ్ల నోట మాత్రం మారలేదు.

రెండు పంచాంగాల ఊరు

సత్రం గోడ మీద వేలాడేది తెలుగు క్యాలెండరు. గేటు దాటితే ఊరంతా వేరే పంచాంగం. అక్కడ నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. ఈ పదిహేను రోజుల తేడా తెలియక ‘కార్తీకమాసం అంతా కాశీలో’ అనుకుని వచ్చినవాళ్లు సగం చూసి సగం పోగొట్టుకుంటారు.

మనం ఇంకా ఆశ్వయుజంలో ఉండగానే కాశీకి కార్తీకం వచ్చేస్తుంది. పంచగంగా ఘాట్‌లో పొడవాటి వెదురుగడల కొసన బుట్టలు కట్టి, వాటిలో ఆకాశదీపాలు వెలిగిస్తారు. ధనత్రయోదశి నాడు అన్నపూర్ణమ్మ బంగారు విగ్రహం గది తలుపులు తీస్తారు. అన్నకూటం దాకా ఆ నాలుగైదు రోజులే ఆ దర్శనం, మళ్లీ ఏడాదికి. అమ్మ ఖజానా అని భక్తుల చేతిలో ఓ నాణెం, గుప్పెడు పేలాలు పెడతారు. ఆ నాణేన్ని బీరువాలో పెట్టుకునే ఇళ్లు కాశీ నిండా ఉన్నాయి.

దీపావళి వెళ్లిన నాలుగో రోజు మనకి నాగులచవితి. మన ఊళ్లలో పుట్టలో పాలు పోసే ఆ రోజునే, కాశీ తులసీ ఘాట్‌లో నాగ్ నథైయా జరుగుతుంది. కడిమి కొమ్మ మీద నుంచి బాలకృష్ణుడి వేషం కట్టిన పిల్లవాడు సాయంత్రం వేళ గంగలోకి దూకి, కాళీయుడి పడగ మీద పైకి లేస్తాడు. కాశీరాజు కుటుంబం పడవలోంచి చూస్తుంది. తులసీదాసు మొదలుపెట్టాడని చెప్పే ఈ ఆట నిమిషాల్లో అయిపోతుంది. సత్రం నుంచి నడుచుకుంటూ వెళ్లగలిగే దూరమే. చవితి ఉపవాసం ఉన్నవాళ్లు తప్పకుండా చూడాల్సిన సంగతి ఇది, చూసేవాళ్లు మాత్రం మనలో అరుదు.

ఇక కార్తీక పౌర్ణమికి దేవ్ దీపావళి. ఘాట్లన్నిటా ప్రమిదలే. ఫొటోల్లో చూసి ముచ్చటపడి వెళ్లేవాళ్లకి ఒక మాట చెప్పాలి: ఆ రాత్రి పడవ ధర చెప్పినంత, సందుల్లో మనిషి కదలడు, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని మెట్లు దిగడం ప్రమాదం. నన్నడిగితే పౌర్ణమి మర్నాడు దిగండి. పౌర్ణమితో వాళ్లకి కార్తీకం వెళ్లిపోయింది, మనకి ఇంకా సగం మిగిలే ఉంది. జనం పల్చబడతారు, మీ నదీస్నానాలకీ దీపాలకీ నెల అలాగే ఉంటుంది. చలి ముదరలేదు, పొగమంచు దిగలేదు, గంగ తేరుకుని మెట్ల కిందికి వెళ్లింది. కాశీ యాత్రకి ఏడాది మొత్తం మీద ఇంతకంటే మంచి రోజులు లేవు.

నురగ తినే చలి

డిసెంబరు చివరికి పొగమంచు కమ్మేస్తుంది. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియదు, రైళ్లు గంటల తరబడి ఆలస్యం. గయ, ప్రయాగ కూడా చుట్టుకుని రావాలనుకునేవాళ్లు ఒక్కో ఊరికీ ఒక రోజు అదనంగా పెట్టుకోకపోతే తిరుగు టికెట్టు పోతుంది.

అయినా చలికాలమే నోటికి కాలం. పాలు కాచి, రాత్రంతా మంచులో ఆరుబయట ఉంచి, తెల్లవారుజామున చిలికితే పైకి లేచే నురగే మలైయ్యో. కుంకుమపువ్వు, ఏలకులు వేసి, మట్టి ముంతల్లో పోసి చౌఖంబా, ఠఠేరీ బజార్ సందుల్లో అమ్ముతారు. ఎండ ముదిరితే నురగ కుంగిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. నురగ తిన్నాక అదే ముంతలో తియ్యటి పాలు పోసిస్తారు. అప్పుడే ముంత పారేసి వచ్చేయకండి. పచ్చి బఠాణీలతో నేతిలో వేయించిన అటుకులు, చూడా మటర్, ఆ నెలల్లోనే. రామ్‌నగర్ భంటా అనే గుండ్రటి పెద్ద వంకాయ కూడా అప్పుడే బజారు నిండా ఉంటుంది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. వాళ్లు నిప్పుల మీద కాల్చి చోఖా చేస్తారు. కాశీలో కాయ, పండు వదిలిపెట్టేటప్పుడు మనవాళ్లు వంకాయ జోలికి ఎందుకు పోరో ఆ చోఖా తింటే అర్థమవుతుంది.

నది మీద తెల్లటి గల్ పిట్టలు వాలేది కూడా ఈ చలికే. పడవవాడు ‘ఆవ్, ఆవ్’ అని సన్న కారప్పూస విసిరితే గుంపుగా వస్తాయి. పిల్లలకి సరదాగానే ఉంటుంది, పిట్టల పొట్టకి మాత్రం మంచిది కాదు.

మధ్యాహ్నం ఎండ కాసే పూట సారనాథ్‌కి పెట్టుకోండి. పది కిలోమీటర్లే. 43 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ధమేక్ స్తూపం చుట్టూ గడ్డి మీద కూర్చోవడానికి చలికాలం తప్ప వేరే కాలం పనికిరాదు. మన రూపాయి నోటు మీద కనిపించే నాలుగు సింహాల అసలు శిల్పం అక్కడి మ్యూజియంలోనే ఉంది. శుక్రవారం మ్యూజియం సెలవు. హిందూ విశ్వవిద్యాలయం ఆవరణలోని భారత్ కళా భవన్ సంగతి మన టూరు ప్యాకేజీలవాళ్లు ఎత్తనే ఎత్తరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నుంచి 1948 దాకా వైస్ చాన్స్‌లర్‌గా ఉన్న విశ్వవిద్యాలయం అది. సూక్ష్మచిత్రాలు ఇష్టమైతే ఒక పూట చాలదు.

వడగాడ్పు, లంగ్డా మామిడి

మనకి పిల్లల సెలవులు వేసవిలోనే కాబట్టి సత్రాలు ఏప్రిల్, మే నెలల్లో కూడా ఖాళీ ఉండవు. చునార్ రాతి మెట్లు పది గంటలకే అరికాళ్లు కాలుస్తాయి. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు గంగా పుష్కరాలు ఆ ఎండలోనే వచ్చాయి. మళ్లీ 2035లో.

ఈ కాలంలో రోజుని రెండు ముక్కలు చేసుకోవాలి. తెల్లవారకముందే లేచి వారాహి అమ్మవారి గుడికి. ఉదయం కాసేపే తెరుస్తారు, పై అంతస్తు నేలలోని కంతలోంచి కిందికి తొంగిచూసి దర్శనం చేసుకోవాలి. స్నానం, విశ్వనాథుడు, తొమ్మిదికల్లా గదికి. మళ్లీ సాయంత్రం అయిదు తర్వాతే బయటికి. మధ్యలో పడుకోవడం బద్ధకం కాదు, కాశీవాళ్లూ అదే చేస్తారు.

వేసవికి వెళ్లినవాళ్లకి దక్కే బహుమానం సంకట్ మోచన్ ఆలయ సంగీతోత్సవం. చైత్ర పౌర్ణమికి వాళ్ల హనుమజ్జయంతి, మనదేమో వైశాఖ బహుళ దశమికి. ఆ పౌర్ణమి దాటాక కొన్ని రాత్రులు దేశంలోని పెద్ద విద్వాంసులు గుడి ప్రాంగణంలో తెల్లవార్లూ పాడతారు, వాయిస్తారు. టికెట్టు లేదు, నేల మీద ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చోవడమే. కాశీ నిద్రల్లో ఒకటి తగ్గినా ఆంజనేయుడు సర్దుకుంటాడు. జూన్ దాకా ఉండగలిగితే బనారసీ లంగ్డా మామిడి పండుతుంది. పండినా తొక్క పచ్చగానే ఉంటుంది, చూసి కాయ అనుకోవద్దు.

గంగ మెట్లెక్కితే

కాశీ దగ్గర గంగకి హెచ్చరిక మట్టం 70.262 మీటర్లు, ప్రమాద మట్టం 71.262. 1978 సెప్టెంబరులో 73.901 దాకా వచ్చింది. ప్రమాద మట్టం దాకా రాని ఏడాదైనా ఘాట్ నుంచి ఘాట్‌కి ఒడ్డు వెంబడి నడిచే దారి మాత్రం మునుగుతుంది. పడవలు ఆపేస్తారు, గంగా హారతి మిద్దెల మీదికి ఎక్కుతుంది, హరిశ్చంద్ర ఘాట్ చితులు సందుల్లోకి జరుగుతాయి. పైగా మన శ్రావణానికి పదిహేను రోజుల ముందే వాళ్ల సావన్ మొదలై, సోమవారాల్లో కావడివాళ్ల వరసలు కిలోమీటర్లు సాగుతాయి. ఇవన్నీ తెలిసి కూడా వెళ్లాల్సివస్తే నది మాట మరిచి ఊళ్లోకి తిరగండి. విశాలాక్షి, కాలభైరవుడి దగ్గర నల్లదారం, యాత్ర చివర్లో మనవాళ్లు గవ్వలిచ్చుకునే గవ్వలమ్మ, ఇవి వాన ఆపలేని దర్శనాలు. పంచగంగా ఘాట్ పైనున్న త్రైలింగ స్వామి మఠాన్ని కూడా చేర్చుకోండి. విజయనగరం ప్రాంతంలో పుట్టి, కాశీలో ఉండిపోయి, 1887లో అక్కడే సిద్ధి పొందిన మన మనిషి ఆయన. బెంగాలీ భక్తులు వెతుక్కుంటూ వస్తారు, మనవాళ్లే దారి అడగరు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి మహాలయ పక్షం. గయకి వెళ్లేవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లతో సత్రాలు కిటకిటలాడతాయి, గది దొరకడం అన్నిటికంటే కష్టం అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే, అనంత చతుర్దశి నుంచి నెల రోజులపాటు, అవతలి ఒడ్డున రామ్‌నగర్‌లో రామలీల నడుస్తుంది. మైకు లేదు, కరెంటు దీపం లేదు, పెట్రోమాక్సులూ దివిటీలే. అయోధ్య ఒకచోట, జనకపురి ఇంకోచోట, లంక ఊరి చివర. రాముడు నడిస్తే జనమూ వెంట నడుస్తారు, చేతిలో రామచరితమానస్ పట్టుకుని మరీ. కాశీరాజు ఏనుగు మీద వస్తాడు. పిండప్రదానాలతో అలసిన మనసుకి ఇంతకు మించిన సాయంత్రం దొరకదు. ఆటో మాట్లాడుకుని అయిదు గంటల లోపు చేరాలి, సంధ్యావందనానికి ఆట ఆపి మళ్లీ మొదలుపెడతారు. ముగిసేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది, సత్రాలేమో తలుపులు పెందరాళే వేసేస్తాయి. కాబట్టి వెళ్లేముందు వాచ్‌మన్‌కి చెప్పి వెళ్లండి.