కొండా, కోనా మన ముంగిట్లోనే!

పిల్లలకు సెలవులిచ్చారంటే చాలు, “అమ్మా, ఎక్కడికైనా పోదామా” అని ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఆయనేమో ఖర్చుల లెక్క తీస్తారు. అత్తగారు మోకాళ్ళ నొప్పులంటారు. మనమేమో “మొన్ననే తిరుమల పోయొచ్చాం గదా, ఇంకెందుకులే” అనేసి పోపు మాడుతోందని వంటింట్లోకి పరుగెత్తుతాం. అంతటితో సరి!

టీవీ పెడితే వెస్టిండీస్ వైపు ట్రినిడాడ్, టొబాగో అనే జంట దీవుల్ని చూపిస్తుంటారు. క్రికెట్ పిచ్చి ఉన్న ఇళ్ళలో ఆ పేరు కొత్తేమీ కాదు, బ్రయన్ లారా పుట్టింది ట్రినిడాడ్‌లోనే. అక్కడ రోడ్లకు వేసే తారు ఊరే చెరువు ఒకటుంది. పక్కనున్న టొబాగోలో ఆర్గైల్ అని జలపాతముంది. విమానమెక్కి సముద్రాలు దాటి జనం చూడబోయే ఆ జలపాతం ఎత్తు 54 మీటర్లు, అంటే దాదాపు 177 అడుగులు. మరి మన తలకోన ఎంతనుకున్నారు? 270 అడుగులు! ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే ఎత్తైన జలపాతం లేదు. మా కలకడ నుంచి పొద్దున్నే బయలుదేరితే రాత్రి భోజనాల వేళకు ఇంట్లో ఉండొచ్చు. అటువైపు తలకోన, ఇటువైపు హార్సిలీ హిల్స్. కోనొకటి, కొండొకటి. దేవుడు మన ముంగిట్లో పెట్టిన జంట ఇది. చుట్టుపక్కల ఊళ్ళలో కాపురం చేస్తూ ఈ రెండిటిలో ఒక్కటైనా చూడని ఆడవాళ్ళు ఎంతమందో! పోయినవాళ్ళలో కూడా “ఏం చూశావమ్మా” అంటే “ఏముందక్కా, వండాం, పెట్టాం, గిన్నెలు తోమి వచ్చాం” అనేవాళ్ళే ఎక్కువ. ఈసారి అలా కాకుండా పోదాం రండి.

ఏనుగు మల్లమ్మ కొండ

హార్సిలీ హిల్స్ అన్నది దొరల కాలంలో వచ్చిన పేరు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పూర్వం ఈ కొండ మీద మల్లమ్మ అనే చిన్నపిల్ల ఉండేదట. ఆ పిల్లను ఏనుగులే సాకాయట. అడవి బిడ్డలకు జబ్బు చేస్తే ఏ ఆకు నూరి పెట్టాలో ఆమెకు తెలుసట. ఒకరోజు ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. ఆమెను దేవతగా కొలిచి గుడి కట్టారు. కొండమీద ఆ గుడి నేటికీ ఉంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, బిడ్డల తల్లులు అక్కడ కొబ్బరికాయ కొట్టకుండా దిగరు. నాకైతే కొండ మీద అన్నిటికంటే నచ్చేది ఈ కథే. కలెక్టర్ దొర పేరు బోర్డు మీద ఉన్నా, ముసలివాళ్ళ నోట్లో మాత్రం మల్లమ్మే ఉంది!

ఆ దొర డబ్ల్యూ.డి. హార్సిలీ, కడప జిల్లా కలెక్టరు. మదనపల్లెకు కడప కలెక్టరేమిటంటారా? చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. కడప ఎండలకు తాళలేక దొరగారు ఈ కొండ చూసి, చల్లగా ఉందని ఇక్కడ బంగళా కట్టించుకున్నారు. ఆయన ఎండ తప్పించుకోబట్టి మనకు ఆంధ్రా ఊటీ దొరికింది.

కొండ ఎత్తు నాలుగు వేల అడుగులకు పైమాటే. మదనపల్లె నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. మదనపల్లే రెండు వేల అడుగుల పైన ఉంది కాబట్టి ఎండాకాలంలో మిగతా ఊళ్ళకంటే కాస్త నయం, కొండెక్కితే ఇంకా మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. వెయ్యి అడుగులు పైకి పోతే సుమారు రెండు డిగ్రీల వేడి తగ్గుతుందని పిల్లలకు సైన్సు పుస్తకంలో ఉంటుంది, దారిలో వాళ్ళచేత లెక్క కట్టించండి. మెలికల రోడ్డు కాబట్టి కడుపులో తిప్పేవాళ్ళకు నిమ్మకాయ, ఉప్పు చేతికిచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. ఆ పూట పాలు, నూనె వస్తువులు పెట్టకపోతే సగం బాధ తప్పుతుంది.

పైన చూడవలసింది గాలిబండ. పేరుకు తగ్గట్టే అక్కడ గాలి చెంగు నిలవనివ్వదు. చీర కొంగు నడుముకు దోపుకుని, చిన్నపిల్లల చెయ్యి పట్టుకునే ఉండాలి. బండ అంచుకు పోయి ఫోటోలు దిగే సరదా వద్దేవద్దు. సాయంత్రం ఎండ వాలుతున్నప్పుడు అక్కడ కూర్చుని కిందికి చూస్తే, పొద్దస్తమానం మనం తిరిగే ఊళ్ళూ, చెరువులూ, టమోటా తోటలూ అరచేతిలో పట్టేటంత కనబడతాయి. ఎంత పని ఉన్నా ఆ అరగంట మాత్రం మీరు సంచులు సర్దవద్దు. సంచులు ఆయన సర్దుతారు.

కొండ మీద ‘కల్యాణి’ అని పేరు పెట్టిన నీలగిరి చెట్టు ఒకటుంది. 1859లో నాటారని చెబుతారు. ఆస్ట్రేలియా జాతి చెట్టు. పైకి చూస్తే మెడ నొప్పి పుట్టేటంత పొడవు. నలుగురు చేతులు కలిపి చుట్టూ నిలబడటం పిల్లలకు మంచి ఆట. రాత్రి ఉండదలిస్తే టూరిజం వాళ్ళ హరిత హోటలుంది, సెలవు రోజుల్లో ముందుగా గది చెప్పుకోవాలి. ఏ నెలలో పోయినా ఒక స్వెట్టరు, పెద్దవాళ్ళకు చెవులకు కట్టుకునే మఫ్లరు తప్పనిసరి.

తిరుగు దారిలో వేళ ఉంటే మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ వైపు ఒక చూపు వెయ్యండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి రాశారు. ఆ కాలేజీలోనే పనిచేసిన మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండు ఇల్లాలు ఆ పాట స్వరాలను రాసిపెట్టింది. బడిలో రోజూ పాడే పాటకు మన ఊరితో ఇంత సంబంధముందంటే పిల్లల ముఖాలు చూడాలి మరి!

తలకోన

ఇది వేరే రోజు పెట్టుకోవలసిన ప్రయాణం. రెండూ ఒక్క రోజులో చుట్టేద్దామనే మగవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకండి. అలా పోతే రెండు చోట్లా బండి దిగడం, ఎక్కడం తప్ప ఇంకేమీ ఉండదు.

కలకడ నుంచి పీలేరు, అక్కడినుంచి భాకరాపేట, నెరబైలు మీదుగా దారి. తిరుపతి నుంచైతే 60 కిలోమీటర్ల లోపే. కొండ కింద సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది. శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం, కాబట్టి జలపాతం కోసం పోయేవాళ్ళు ఆ నాలుగు రోజులూ మానుకోవడం మంచిది. మోకాళ్ళ నొప్పులున్న అత్తగార్లకు గుడి దగ్గర హాయిగా ఉంటుంది. అక్కడినుంచి పైకి అడవిలో నడక, మెట్లు, ఆ తర్వాత రాళ్ళు. కొత్త చెప్పులు, ఎత్తు మడమల చెప్పులు పనికిరావు. పట్టున్న రబ్బరు చెప్పులు గానీ, బూట్లు గానీ వేసుకోవాలి. నడవడానికి చీరకంటే పంజాబీ డ్రెస్సే మేలు, చీరే కట్టుకుంటామంటే నూలు చీర. తడిసిన సిల్కు పాలిస్టరు చీర కాళ్ళకు చుట్టుకుంటే రాళ్ళ మీద పడిపోతారు.

ఎప్పుడు పోవాలన్నది ముఖ్యం. మార్చి దాటాక పోయి “ఇంతేనా, కుళాయి ధార లాగుంది” అని పెదవి విరిచేవాళ్ళున్నారు. తప్పు జలపాతానిది కాదు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో మంచి వానలు కురుస్తాయి. వాన వెలిసిన నాలుగైదు రోజుల తర్వాత, నవంబరు, డిసెంబరు, జనవరిలో పోయినవాళ్ళకు తలకోన తలకోనలా కనబడుతుంది. కుండపోతగా కురుస్తున్న రోజున మాత్రం అటు తలపెట్టకూడదు. కొండ మీద ఎక్కడో పడ్డ వాన ఒక్కసారిగా కిందికి దూకుతుంది.

ఇప్పుడు గట్టిగా చెప్పవలసిన మాట. గుండాల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రవాళ్ళ వార్తలు పేపర్లలో మనం చదువుతూనే ఉన్నాం. నీళ్ళు పైకి అద్దంలా ఉంటాయి, అడుగున రాళ్ళ సందులుంటాయి, ఎంత లోతో తెలియదు. పాచి పట్టిన బండ మీద కాలు పెడితే ఈత వచ్చినవాడికైనా దిక్కుండదు. పదిహేను, పదహారేళ్ళ మగపిల్లలు మన మాట వినరు, పక్కవాడు దూకితే వీడూ దూకుతాడు. అందుకే బయలుదేరే ముందు ఇంట్లోనే మాట తీసుకోండి. ధార కింద నిలబడి తడవొచ్చు, గుండంలోకి దిగడం, పైనుంచి దూకడం లేదు. అటవీశాఖ వాళ్ళు పోవద్దన్న చోటికి పోకూడదు. ఎవరేమన్నా సరే, ఒడ్డున ఒక పెద్దమనిషి తడవకుండా కూర్చుని పిల్లల్ని చూస్తూ ఉండాలి. ఆ పని ప్రతిసారీ తల్లికే వేయకుండా గంటకొకరు చొప్పున మార్చుకుంటే అందరూ తడుస్తారు!

తలకోన నీళ్ళు మూలికల మీదుగా వస్తాయని, స్నానం చేస్తే రోగాలు పోతాయని అంటారు. నమ్మకం నమ్మకమే, స్నానం చెయ్యండి, తాగడానికి మాత్రం ఇంటి నుంచి కాచిన నీళ్ళే తీసుకుపోండి.

జలపాతం ఒక్కటే కాదు, ఆ అడవే ఒక వింత. ఇది 1989లో ఏర్పాటైన శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలోది. 2010లో శేషాచలం అడవులను జీవావరణ రక్షణ ప్రాంతంగా ప్రకటించారు. గిల్లతీగ అని మనిషి నడుమంత లావున చెట్ల మీద పాకిన తీగలు చూస్తే కొండచిలువేమో అనిపిస్తుంది. దాని కాయలు మూరకు పైనే పొడవుంటాయి. ప్రపంచంలో మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా పెరగని ఎర్రచందనం ఇక్కడి చెట్టే. దేవాంగపిల్లి, కణితి, చిరుతపులి కూడా ఉన్నాయి. చీకటి పడేలోపు అడవి దాటాలని అంటున్నది ఇందుకే.

టొబాగో మాట మళ్ళీ ఎత్తుతున్నానేమీ అనుకోకండి. ఆ దీవి నడుమనున్న కొండల మీది అడవిని నరకకూడదని 1776లోనే చట్టం చేశారు. ఎందుకో తెలుసా? అడవి పోతే వానలు పోతాయని, వానలు పోతే పంటలు పోతాయని. బోర్లు వెయ్యడానికి నగలు తాకట్టు పెట్టిన ఇళ్ళున్న మన కలకడ, గుర్రంకొండ, వాయల్పాడు వైపు ఆడవాళ్ళకు ఈ మాట ఒకరు చెప్పాలా? అందుకే కోనలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించే అలవాటు నాకు బొత్తిగా నచ్చదు. ఎండుటాకుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా మగవాళ్ళు జలపాతంలో తడుస్తుంటే మనం పొగలో కళ్ళు నలుపుకుంటూ మసాలా నూరడమేం ముచ్చట?

మరి తిండి సంగతి?

ముందురోజు రాత్రే చింతపండు పులుసు ఉడికించి పెట్టుకుంటే తెల్లవారి అన్నం వార్చి పులిహోర కలపడం పది నిమిషాల పని. సాయంత్రం దాకా చెడదు. శెనక్కాయలు విడిగా వేయించి పొట్లం కట్టుకుని తినేముందు కలిపితే మెత్తబడవు. పెరుగన్నం పుల్లబడకుండా ఉండాలంటే, మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి ఒకే ఒక్క చెంచా పెరుగు కలపండి. మీరు భోజనాలకు కూర్చునే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. పైన నిమ్మకాయ ఊరగాయ. పిల్లలకు బొరుగుల మిక్చరు, నిప్పట్లు చాలు. చలికాలమైతే అనపకాయలు ఉప్పేసి ఉడికించి తీసుకుపోండి, ఒలుచుకు తినడమే ఒక కాలక్షేపం.

అన్నీ మూత గట్టిగా పడే స్టీలు క్యారియర్లలో సర్దండి. రెండు చోట్లా కోతులున్నాయి, చేతిలో కవరు కనబడితే చాలు, లాక్కుపోతాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం, విస్తరాకులు పట్టుకుపోతే తోమే పనీ ఉండదు. ఎంగిలాకులు, కాగితాలు వెయ్యడానికి ఒక గోనెసంచి ఉంచుకుని ఇంటిదాకా తెచ్చెయ్యాలి. సంచిలో ఇంకా పాత తువ్వాళ్ళు, ప్రతివారికీ ఒక జత పొడి బట్టలు, కట్టుడుగుడ్డ, డెట్టాలు. ఆడవాళ్ళకు అన్నిటికంటే పెద్ద ఇబ్బంది బాత్రూము. చాలామంది దానికి భయపడి పొద్దుటినుంచి నీళ్ళే తాగరు, తలనొప్పి తెచ్చుకుంటారు. బండి దిగగానే అది ఎక్కడుందో అడిగి పెట్టుకోండి, సిగ్గుపడవద్దు.

కుప్పం, పలమనేరు వైపు సోదరీమణులు మాకు దూరమంటారేమో. మీకు ఆ రెండూళ్ళ మధ్య రోడ్డుకు దగ్గరలోనే కైగల్ జలపాతముంది. నలభై అడుగులే గానీ చూడముచ్చటగా ఉంటుంది. కౌండిన్య అడవి ఏనుగులు తిరిగే చోటు కాబట్టి పొద్దుగూకేలోపు వచ్చెయ్యాలి.

బస్సులో పోయేవాళ్ళు హార్సిలీ హిల్స్‌కు మదనపల్లె బస్‌స్టాండులోనే ఎక్కాలి. కిందికి దిగే చివరి బస్సు ఎన్నింటికో పైన దిగగానే కండక్టరును అడగండి, వేళలు మారుతుంటాయి. తలకోనకు మాత్రం నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటే తలా కొంచెం పడుతుంది, ఇష్టమైనంతసేపు ఉండొచ్చు. బేరం మాత్రం వెయిటింగుతో సహా ముందే తేల్చుకోండి.