150 రూపాయల ఉలి అసలు ఖరీదెంత?

నంద్యాలలో ఒక హార్డ్‌వేర్ అంగడికి పోయి ఉలి కావాలని అడిగాను. అంగడాయన అరలో చెయ్యి పెట్టకముందే ఎదురు ప్రశ్న వేశాడు: "కొయ్యకా సార్, రాతికా?" ఇంకే ఊళ్లోనూ నన్నెవరూ ఈ మాట అడగలేదు. అక్కడినుంచి సుమారు 40 కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. దేవతా విగ్రహాలు చెక్కే శిల్పుల ఊరు, అక్కడి రాతిపనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నంద్యాలలో చూస్తే సామిల్లులు, అడితీలు, తలుపులూ ద్వారబంధాలూ చేసే వడ్రంగి కొట్లు. ఉలి అన్న మాట ఒకటే అయినా రెండు ఊళ్లకూ కావలసిన ఉక్కు వేరు.

నాకు కావలసింది కొయ్య ఉలి. బల్ల మీద నాలుగు పరిచాడు. అన్నిటికంటే చౌకది 150 రూపాయలు, ఖరీదైనది 600. పిడి రంగు తప్ప పైకి తేడా ఏమీ కనబడదు. రెండిటి మీదా 'క్రోమ్ వెనేడియం' అనే అచ్చు ఉంది. ఆ అచ్చు కొట్టడానికి ఏ కార్ఖానాకూ పెద్ద ఖర్చు కాదు. మరి 450 రూపాయల తేడా దేనికి?

కాగితం మీద లెక్క వేద్దాం. అంకెలు నావి, మీ కూలి రేటు పెట్టి మీరు మార్చుకోండి. రోజు కూలి 960 రూపాయలు, పని 8 గంటలు అనుకుంటే నిమిషానికి 2 రూపాయలు. మెత్తటి ఉక్కు ఉలికి రోజులో 6 సార్లు నూరుడు కావాలి, గట్టి ఉక్కుకు 2 సార్లు చాలు అనుకుందాం. నూరినప్పుడల్లా 5 నిమిషాలు పోతాయి. చౌక ఉలి రోజుకు 30 నిమిషాలు, అంటే 60 రూపాయలు తింటుంది. మంచిది 20 రూపాయలతో సరిపెడుతుంది. రోజుకు 40 రూపాయల తేడా. 450 రూపాయలు 12వ రోజుకల్లా తిరిగి వచ్చేస్తాయి. ఏడాదికి 300 పనిదినాలైతే 150 రూపాయల ఉలి మీద అదనంగా పడే ఖర్చు 12,000.

అయితే ఇది వడ్రంగి లెక్క. ఏడాదికి ఆరు ఆదివారాలు పెరట్లో స్టూలో, పుస్తకాల అరో చేసుకునే ఉద్యోగికి ఈ లెక్క అంటదు. ఆయన నూరుడుకు కూలి కట్టడు. పైగా నూరడం అలవాటవుతుంది. ఆయనకు 150 రూపాయల ఉలే సరైనది. పనిముట్ల గురించి సలహా చెప్పేవాళ్లు చాలామంది ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి "మంచిదే కొనండి" అనేస్తారు. ఏడాదిలో ఎన్ని గంటలు వాడతారని ముందు అడగాలి.

ఉక్కు సంగతికి వస్తే, గట్టిదనాన్ని రాక్‌వెల్ సి కొలతలో చెబుతారు. కొయ్య ఉలి అంచుకు 58 నుంచి 62 ఉండాలి. అంగడిలో ఆ యంత్రం ఉండదు గానీ అక్కడే దొరికే ఆకురాయి ఆ పని చేస్తుంది. ఆకురాయి గట్టిదనం సుమారు 64, 65. ఉలి అంచుకు కాస్త ఎగువన పక్కవాటుగా ఒక్కసారి గీయండి. ఆకురాయి జర్రున జారిపోతే ఉక్కుకు నీళ్లు సరిగ్గా పట్టినట్టు. పళ్లు దిగి పొడి రాలితే అది మెత్తన. మామూలు ఇనుప చువ్వలో కర్బనం 0.2 శాతం అటూ ఇటూ ఉంటుంది, ఎంత కాల్చి నీళ్లలో ముంచినా పదును నిలవదు. ఉలికి కనీసం 0.5, 0.6 శాతం కావాలి. పల్లెల్లో కమ్మర్లు పాత లారీ కమాన్ పట్టీలతో బాడిశలూ గొడ్డళ్లూ సాగగొట్టేది ఇందుకే: ఆ పట్టీల్లో కర్బనం 0.5, 0.6 శాతం దాకా ఉంటుంది. తెలిసిన కమ్మరి చేత చేయించుకున్న కమాన్ పట్టీ ఉలి, డబ్బాలో వచ్చే ఆరు ఉలుల సెట్టు కంటే మేలని నా లెక్క. అందం ఉండదంతే.

కొలిమి దగ్గర రాతి ఉలులకు పదును పెట్టేటప్పుడు ఒక పూట చూసినవాడికి ఉక్కు గురించి పుస్తకం అక్కర్లేదు. రాయి మీద పనిచేసే ఉలి తొందరగా మొండివారుతుంది. మళ్లీ కాల్చి, సాగగొట్టి, నీళ్లు పెడతారు. ఎర్రగా కాలిన ఉలిని ముంచి తీశాక, వెనకవైపు మిగిలిన వేడి మొన వైపు పాకుతుంటే ఉక్కు మీద రంగులు నడుస్తాయి. 220, 230 డిగ్రీల దగ్గర గడ్డిరంగు. 260 దగ్గర గోధుమరంగు. 280కి వంకాయరంగు, 300కి నీలం. కొయ్య ఉలిని గడ్డిరంగు దగ్గరే ఆపేయాలి. సుత్తి దెబ్బ నేరుగా రాతి మీదికి దింపే ఉలి అంత గట్టిగా ఉంటే మొన చిట్లిపోతుంది కనుక ఇంకా ముందుకు పోనిస్తారు.

కొనేవాడికి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. కొత్త ఉలి అంచున నీలిమచ్చ కనబడితే కార్ఖానాలో గ్రైండరు మీద దాన్ని కాల్చేశారని అర్థం. ఆ మేరకు గట్టిదనం పోయింది. అలాగని పారేయనక్కర్లేదు. చెడేది చాలాసార్లు చివరి రెండు మూడు మిల్లీమీటర్లే. అంతవరకు అరగదీస్తే లోపల మంచి ఉక్కు బయటపడవచ్చు. అందుకే చౌక ఉలిని మొదటి రోజే తిట్టకూడదు, మూడో నూరుడు తర్వాత తీర్పు చెప్పాలి. 25 డిగ్రీల వాలు పెట్టి, కొసన 30 డిగ్రీలకు సన్నటి రెండో వాలు పెడితే అంచు ఇంకాస్త నిలుస్తుంది. నల్లమద్ది, తుమ్మ లాంటి గట్టి కొయ్యకు 35 దాకా పోయినా తప్పులేదు.

కొయ్య మాట వచ్చింది కాబట్టి టేకు గురించి చెప్పాలి. టేకు మెత్తగానే తెగుతుంది, కానీ అంచును తినేస్తుంది. కారణం దాని లోపలి సిలికా. కొన్ని దుంగల్లో 1 శాతం దాటి ఉంటుంది. ఇసుకలో ఉండే పదార్థమే అది. గ్రానైటులో సుమారు 70 శాతం అదే. నంద్యాల వడ్రంగి, ఆళ్లగడ్డ శిల్పి తెలియకుండానే ఒకే శత్రువుతో తలపడుతున్నారు, మోతాదులోనే తేడా. ఉలిని వేప మీదో మామిడి మీదో పరీక్షించి మెచ్చుకుంటే చాలదు, టేకు మీద పెట్టి చూడాలి.

తర్వాతి పరీక్షకు అంగడిలోనే పెన్సిలు చాలు. మూలమట్టం, మనవాళ్లు గునియా అనేది, తిన్నని అంచున్న పలకకు ఆనించి గీత గీయండి. దాన్నే తిరగేసి, అదే చోట ఇంకో గీత గీయండి. రెండు గీతలూ కలిసిపోతే మట్టం నిజాయితీపరురాలు. 200 మిల్లీమీటర్ల పొడవున గీతల మధ్య 1 మిల్లీమీటరు ఎడం వచ్చిందంటే, అసలు తప్పు అందులో సగం, అర మిల్లీమీటరు. ఇంతేనా అనిపిస్తుంది. 7 అడుగుల తలుపు అంటే 2,100 మిల్లీమీటర్లకు పైమాటే. అక్కడికి పోయేసరికి అర కాస్తా 5 మిల్లీమీటర్లు దాటుతుంది. తలుపు కింద ఒక మూల గచ్చును గీకుతుంది, రెండో మూల బల్లి దూరే సందు ఇస్తుంది. రసమట్టాన్నీ ఇలాగే అటుదిటు తిప్పి చూడండి, బుడగ రెండుసార్లూ అదే చోట నిలవాలి.

టేపు మీద రోమన్ అంకె రెండు ఉంటే అది రెండో తరగతి. అంటే 2 మీటర్ల దగ్గర 0.7 మిల్లీమీటర్లు, 5 మీటర్ల దగ్గర 1.3 మిల్లీమీటర్ల వరకు తప్పు ఒప్పుకుంటారు. వడ్రంగానికి అది చాలు. కొక్కెం కాస్త ఊగుతోందని మేకుతో బిగించే మహానుభావులున్నారు. ఆ ఊగుడు కొక్కెం మందమంత ఉండేట్టు కావాలనే పెట్టారు, లోపలి కొలతా బయటి కొలతా రెండూ సరిపోవడానికి.

ఇనుప చిత్రిక విషయంలో నేను చౌక పక్షం. ఇప్పుడు ప్రపంచమంతా వాడే నమూనా లియొనార్డ్ బెయిలీ అనే అమెరికన్‌ది, స్టాన్లీ కంపెనీ 1869లో కొనుక్కుంది. 150 ఏళ్లు దాటిన ఆ నమూనాను ఎవరైనా పోత పోయవచ్చు. జలంధర్ లాంటి చేతిపనిముట్ల కేంద్రాల నుంచి వచ్చేవాటికి అడుగుభాగం చదునుగా లేకపోవడం ఒక్కటే సాధారణ రోగం. తిన్నని స్టీలు స్కేలు ఆనించి, కింద మామూలు తెల్లకాగితం ముక్క దూర్చండి. ఆ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. కాగితం దూరని చిత్రిక మంచిదే. దూరినా, మందపాటి అద్దం మీద 80 నంబరు గరుకు కాగితం పరిచి ఒక ఆదివారం రుద్దితే దారికొస్తుంది. అలుగు, అంటే లోపలి బ్లేడు, నచ్చకపోతే అదొక్కటే మార్చుకోవచ్చు. ఒంట్లోనే చీలిక ఉన్న పోతను మాత్రం ముట్టొద్దు. దాన్ని రుద్ది బాగుచేయలేం.

చౌక పనిముట్ల గురించి నేను పట్టుకున్న సూత్రం ఇదే. చేత్తో సరిచేసుకోగలిగిన లోపానికి బేరమాడండి. పిడి, నునుపు, అడుగు, రంపపు పళ్లు ఈ జాతివి. ఉక్కు, పోత, మోటారు ఇంట్లో సరిచేయలేనివి, అక్కడ పిసినారితనం పనికిరాదు. రంపంలో ఒక మెలిక ఉంది. పళ్ల కొసలు నల్లగా మెరిసే రంపాలకు విద్యుత్తుతో మహా గట్టిదనం ఇచ్చి ఉంటారు. చాలా రోజులు తెగుతాయి గానీ ఆకురాయి వాటి మీద దిగదు. మొండివారిన రోజే వాటి ఆయుష్షు సరి. మూడంచుల ఆకురాయి పట్టగలిగినవాడు పాతకాలపు మెత్తని పళ్ల రంపమే కొనుక్కోవాలి.

ఇక మిషన్లు. అంకెల మాయ అంతా ఇక్కడే. బ్యాటరీ డ్రిల్లు మీద 18 వోల్టులని ఒకరు, 21 అని ఇంకొకరు వేస్తారు. రెండిట్లోనూ ఉండేది 5 లిథియం సెల్సే. ఒక్కో సెల్ సగటున 3.6 వోల్టులు, నిండా ఛార్జయినప్పుడు 4.2. ఐదు 3.6లు 18, ఐదు 4.2లు 21. డబ్బా మీద 48 వీఎఫ్, 88 వీఎఫ్ అని కనబడితే మూత తీయించి సెల్స్ లెక్కపెట్టండి. చూడాల్సింది వాట్ అవర్లు: 18 వోల్టులు, 1.5 ఆంపియర్ అవర్లు అయితే 27. టేకులో పెద్ద రంధ్రం వేసేటప్పుడు మిషన్ 300 వాట్లు లాగితే 6 నిమిషాలు కూడా రావు.

కరెంటు మిషన్ మీద '1200 వాట్లు' అని ఉంటే 230 వోల్టుల దగ్గర అది 5 ఆంపియర్లకు పైగా లాగాలి. పని భారం మీద క్లాంప్ మీటర్ పెడితే నిజం తెలుస్తుంది. చుట్టలో రాగి బదులు అల్యూమినియం వాడితే, విద్యుత్తును మోసే శక్తి రాగిలో సుమారు 61 శాతమే కనుక తొందరగా వేడెక్కుతుంది. అల్యూమినియం బరువు రాగిలో మూడో వంతు కంటే తక్కువ. అదే సైజు, అదే వాట్లు రాసిన రెండు మిషన్లను రెండు చేతుల్లో పట్టుకుని చూస్తే అనుమానం అక్కడే మొదలవుతుంది. కార్బన్ బ్రష్షులు నంద్యాలలోనే దొరుకుతాయా, కర్నూలు పోవాలా అనేది కూడా ధరలో భాగమే. ఒక పూట పని పోతే 480 రూపాయలు.

ఒక్క చోట మాత్రం బేరం వద్దంటాను. ఆళ్లగడ్డలో రాయి కోసే 4 అంగుళాల మార్బుల్ కట్టరుకే పళ్ల బిళ్ల బిగించి మన వడ్రంగులు ప్లైవుడ్ కోస్తున్నారు. 110 మిల్లీమీటర్ల బిళ్ల నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 249 కిలోమీటర్లు. బిళ్ల మీద రాసిన గరిష్ఠ చుట్లు మిషన్ చుట్ల కంటే తక్కువైతే అది బిళ్ల కాదు, తూటా. పది రూపాయల బిళ్లకూ నూరు రూపాయల బిళ్లకూ తేడా మిగతా చోట్ల కూలిలో తేలుతుంది, ఇక్కడ వేళ్లలో తేలుతుంది. కవచం తీసేసి వాడే అలవాటు గురించి చెబితే ఎవరూ వినరు, అయినా చెబుతున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పనిముట్లు కొనడానికి సర్కారు డబ్బు కూడా ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగీ, శిల్పీ, కమ్మరీ, సుత్తులూ పనిముట్లూ చేసేవారూ అందరూ అందులో ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు వోచరు. ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల వరకు రుణం. 15,000 కొద్దిపాటి సొమ్మేమీ కాదు, కానీ నలభై రకాలున్న మెరుపుల పెట్టె మీద పోస్తే ఇట్టే కరిగిపోతుంది. నేనైతే సగానికి పైగా ఒక్క మంచి మిషన్‌కు పెడతాను. మూడు మంచి ఉలులు, నిక్కమైన మూలమట్టం, రెండు ముఖాల కార్బొరండం రాయి తీసుకుంటాను. చిత్రిక చౌకదే. మిగిలినది అట్టే పెట్టి, పని అడిగినప్పుడు కొంటాను.

అంగడికి పోయేటప్పుడు జేబులో పెన్సిలు, మూడంచుల ఆకురాయి, ఒక తెల్లకాగితం పెట్టుకోండి. మూలమట్టం తిప్పి చూడనివ్వని అంగడిలో ఏమీ కొనకండి. నేను ఆరోజు కొన్నది 600 రూపాయలదీ కాదు, 150 రూపాయలదీ కాదు. ఆకురాయి జారింది మధ్యలో ఉన్న 280 రూపాయల ఉలి మీద.