అన్ని ముక్కలూ తెరిచి ఆడే పేక

రమ్మీలో పక్కవాడి చేతిలో ఏముందో తెలియదు, పేకలోంచి వచ్చే తర్వాతి ముక్క ఏదో తెలియదు. కంప్యూటర్లో ఒంటరిగా ఆడుకునే ఫ్రీసెల్‌లో ఆ చీకటి లేదు. 52 ముక్కలూ మొదటి నుంచే కళ్లెదుట తెరిచి ఉంటాయి. ఓడామంటే తప్పు దాదాపు ఎప్పుడూ మన ఎత్తులోనే ఉంటుంది. నాకు ఈ ఆట మీద ఇష్టం పెరిగింది అందుకే.

ముక్కలు ఎనిమిది నిలువు వరుసల్లో ఉంటాయి: ఎడమవైపు నాలుగింటిలో ఏడేసి, కుడివైపు నాలుగింటిలో ఆరేసి. పైన ఎడమపక్క నాలుగు ఖాళీ గళ్లు. ఒక్కో గడిలో ఒక్క ముక్కను కాసేపు ఉంచుకోవచ్చు. ఆటకు ఆ పేరు వీటివల్లే వచ్చింది. కుడిపక్క నాలుగు గళ్లు ముక్కలు చివరికి చేరాల్సిన ఇళ్లు. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను దేనికది విడిగా, ఆసుతో మొదలై రాజు దాకా ఎక్కాలి. అన్నీ ఇల్లు చేరితే గెలుపు.

వరుసలో కింది చివర ఉన్న ముక్కనే కదపగలం. దాన్ని ఇంకో వరుస చివర చేర్చాలంటే అక్కడి ముక్కకంటే ఒకటి తక్కువై ఉండాలి, రంగూ మారాలి. ఆఠీను రాణి మీదికి ఇస్పేటు జాకీ వెళ్తుంది, కళావరు జాకీ వెళ్తుంది, డైమను జాకీ వెళ్లదు. వరుస ఖాళీ అయితే అందులో ఏ ముక్కైనా పెట్టొచ్చు. రాజే కావాలన్న పట్టింపు మామూలు సాలిటైర్‌ది, ఇక్కడ లేదు.

కొత్తవాళ్లు తికమకపడేది ఒకచోట. నాలుగు ముక్కల జట్టును ఒకసారి జరపనిచ్చిన కంప్యూటర్ ఇంకోసారి కుదరదంటుంది. నిజానికి జట్టుగా జరపడమన్నది లేదు. ఒక్కో ముక్కను ఖాళీ గడిలో పెట్టి, మళ్లీ తీసి పేర్చే పనినే కంప్యూటర్ మన బదులు చేసిపెడుతుంది. కాబట్టి ఖాళీ గళ్ల సంఖ్యకు ఒకటి కలిపితే ఎన్ని ముక్కలు కదులుతాయో తెలుస్తుంది. మూడు గళ్లు ఖాళీగా ఉంటే నాలుగు. ఒక వరుస కూడా ఖాళీగా ఉంటే దానికి రెట్టింపు, ఎనిమిది (ఆ ఖాళీ వరుసలోకే జరిపితే మాత్రం నాలుగే). గళ్లు నాలుగూ నిండి, ఖాళీ వరుస కూడా లేకపోతే ఒక్కటే.

అందుకే గడిలో ముక్క పెట్టేముందు అది తిరిగి ఎక్కడ దిగుతుందో చూసుకోవాలి. నేనైతే మొదట ఏ ముక్కా కదపను. ఆసులు, రెండ్లు ఎక్కడున్నాయో, వాటి మీద ఎన్ని ముక్కలు పడి ఉన్నాయో వెతుకుతాను. తక్కువ బరువున్న ఆసు వైపు ముందు తవ్వుతాను. ఇంటికి పంపడంలోనూ తొందర పనికిరాదు. ఎర్ర ఐదు ఎక్కించేస్తే, నల్ల నాలుగు దిగడానికి చోటు పోవచ్చు.

1968లో గణిత వినోదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ తన పత్రికా శీర్షికలో ఇలాంటి ఆట గురించి రాశాడు. అందులో ఒకే గుర్తు ముక్కలు వరసగా పేర్చాలి, చాలా కష్టం. 1978లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో కంప్యూటర్ మీద పాల్ ఆల్ఫిల్ ఆ నియమాన్ని ఎరుపు, నలుపు మార్చి పేర్చేలా సడలించాడు. ఆ ఒక్క మార్పుతో ఆట ఊపిరి పీల్చుకుంది. తర్వాత జిమ్ హార్న్ రాసిన రూపం విండోస్ 95తో పాటు ఇళ్లకూ ఆఫీసులకూ చేరింది.

అందులో 32,000 పంపకాలకు నంబర్లున్నాయి. ఒక నంబరు కొడితే ఎవరికైనా అవే ముక్కలు, అదే వరస. విండోస్ 95 రాకముందే, 1994లో డేవ్ రింగ్ అనే ఆయన ఔత్సాహికులను కూడగట్టి, పంపకాలన్నీ వాళ్లకు పంచి ఆడించాడు. చివరికి ఎవరికీ లొంగనిది 11982 ఒక్కటే. దానికి దారే లేదని తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా తేల్చాయి.

మిగతా 31,999కీ దారుంది. ఓడినప్పుడు కొత్త ఆట తెరవకండి. అదే నంబరు మళ్లీ కొట్టి, మొదటి గడి నింపిన ఎత్తు దగ్గర ఆగి చూడండి.